మా బావ ఒక్కసారే తుడిచిన కంప్యూటర్

మా బావ పోయిన సంగతి నాకు మదనపల్లె టమాటా మార్కెట్లో తెలిసింది. పొద్దున వేలం పాట జోరుగా సాగుతోంది. నేను పనిచేసే మండీలో కంప్యూటర్ ముందు కూర్చుని లారీల నంబర్లు ఎక్కిస్తున్నాను. పుంగనూరు నుంచి అక్క ఫోన్ చేసింది. చుట్టూ అరుపులు కావడంతో ఒక చెవి మూసుకుని విన్నాను.

"బావ లేడమ్మా. నిద్దట్లోనే పొయినాడు. నువ్వొచ్చెయ్" అంది.

గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడట. యాభై కూడా నిండని మనిషి. మా మండీ యజమానికి చెబితే "అయ్యో, శానా మంచోడు కదమ్మా" అన్నాడు. ఆ రోజంతా ఆ మాట వింటూనే ఉన్నాను. అక్కవాళ్ళ వీధిలో విన్నాను, శవం మోసుకెళ్ళేటప్పుడు విన్నాను, మట్టి చేసి తిరిగొచ్చేటప్పుడూ విన్నాను. అందులో సగం నోళ్ళు ఆయన బతికుండగా "ఆయప్పకి పని రాదు" అన్నవే.

పోయినవాళ్ళ గురించి తీయగా రాయాలంటారు. నాకు ఇప్పుడు తీపి రావడం లేదు. కోపం ఉంది. దాన్ని దాచిపెట్టి రాస్తే బావ గురించి అబద్ధం రాసినట్టవుతుంది. చదివేవాళ్ళు కొంచెం ఓర్చుకోవాలి.

బావది సదుం దగ్గర పల్లె. బెంగళూరులో కంప్యూటర్లు బిగించే పని నేర్చుకుని, తొంభైల చివర్లో పుంగనూరుకు వచ్చి చిన్న సర్వీసు అంగడి పెట్టాడు. అక్కను చేసుకున్నది కూడా అప్పుడే. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను అంగడికి పిలిచి, కీబోర్డు ముందు కూర్చోబెట్టింది ఆయనే. "టైపు నేర్చుకో మరదలా. రేపు నీ మొగుడు ఎట్లాంటోడొచ్చినా నీ అన్నం నువ్వు తినొచ్చు" అనేవాడు. ఈరోజు నేను తినే అన్నం ఆ అంగట్లో పుట్టిందే.

ఏ కంప్యూటర్ మూత విప్పాలన్నా ముందు వంగి బల్ల ఇనుప కాలును ముట్టుకునేవాడు. ఒంట్లో చేరిన కరెంటు అలా నేలకు పోతుందని, లేకపోతే లోపలి సున్నితమైన భాగాలు పాడవుతాయని నాకు చెప్పాడు. చూసేవాళ్ళు మాత్రం ఆయన మిషన్‌కి మొక్కుతున్నాడని అనుకునేవాళ్ళు. ఒక స్కూల్ హెడ్మిస్ట్రెస్ గారైతే పిల్లలను పిలిచి మరీ చూపించారు, పని మీద భక్తి అంటే ఇలా ఉండాలని. నేను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాను. బావ మాత్రం ఆవిడను సరిదిద్దలేదు. "పోనీలే, మర్యాదగానే ఉండాది కదా" అన్నాడు.

జేబులో ఎప్పుడూ ఒక పెన్సిల్ రబ్బరు ఉండేది. ర్యామ్ అనే చిన్న పలకను ఊడదీసి, దాని పసుపుపచ్చ అంచును ఆ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించేవాడు. అంతవరకూ చచ్చినట్టు పడున్న కంప్యూటర్ లేచి కూర్చునేది. ఫ్యాన్లో పేరుకున్న దుమ్ము ఊదేవాడు. అక్కర్లేని ప్రోగ్రాములు పది ఒకేసారి మొదలవుతుంటే వాటిని ఆపేవాడు. నూటికి తొంభై మంది కంప్యూటర్లకు కావలసింది ఇంతే. మిగతావాళ్ళకు అది కూడా అక్కర్లేదు. "ఏమీ కాలేదప్పా, బాగానే ఉండాది" అని చెప్పి పంపేసేవాడు. ఆ మాటే ఆయన్ని ముంచింది.

ఎలాగో తెలియాలంటే ముందు మా వైపు ఆయుధపూజ సంగతి చెప్పాలి. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు ఉన్న ఊళ్ళు మావి. దసరాల్లో అన్నిటికన్నా పెద్ద పండగ అదే. లారీలు, త్రాసులు, కుట్టుమిషన్లు, మోటారు పంపులు, కత్తిపీటలు, అన్నీ కడగాలి, పసుపు కుంకుమ పెట్టాలి, గుమ్మడికాయ కొట్టాలి. కడగని ఆయుధానికి పూజ చేస్తే పాపమని మా అమ్మే అంటుంది. అంగళ్ళలోకి కంప్యూటర్లు వచ్చాక అవీ ఆ వరసలో నిలబడ్డాయి. పైన గుడ్డతో తుడిచారు, బాగానే ఉంది. మరి లోపల? లోపల కడగడం ఎట్లా అన్న ప్రశ్న పుంగనూరు వర్తకులను నిజంగా బాధ పెట్టింది.

దానికి జవాబు ఒక సీడీలో వచ్చింది. బస్టాండు పక్కన కొత్తగా సర్వీసు సెంటర్ పెట్టినాయన తెచ్చాడు. దాని పేరు రిజిస్ట్రీ క్లీనర్, కంప్యూటర్ తన ప్రోగ్రాముల వివరాలు రాసి పెట్టుకునే చిట్టాలో చెత్త తీసేస్తుందట. సీడీ పెట్టి నొక్కితే తెర మీద గీత పాకుతూ పోయేది, పక్కన ఎర్ర అక్షరాల్లో తప్పులు కురిసేవి. వందల తప్పులు. కొట్టాయన గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. ఇంకోసారి నొక్కితే ఎరుపంతా పోయి తెర పచ్చబడేది, మీ కంప్యూటర్ శుభ్రంగా ఉందని వచ్చేది. అప్పుడు హారతి ఇచ్చేవాళ్ళు. నేను కళ్ళారా చూశాను. ఎరువుల అంగట్లో ఆ పచ్చ తెరకు కర్పూరం వెలిగించి అందరూ కళ్ళకద్దుకున్నారు.

బావ ఆ సీడీ ఒకటి సంపాదించి మా అంగట్లో పరీక్ష పెట్టాడు. ముందు వాచీ చూసుకుంటూ కంప్యూటర్ ఎంతసేపటికి లేస్తుందో చూశాడు. తర్వాత క్లీనర్ నడిపి మళ్ళీ చూశాడు. ఏ తేడా లేదు. అప్పుడే కొత్తగా సిద్ధం చేసిన, ఎవరూ చెయ్యి కూడా పెట్టని కంప్యూటర్ మీద నడిపాడు. అందులోనూ ఎర్ర తప్పులు కురిశాయి. ఆయన నవ్వలేదు. ముఖం చిన్నబుచ్చుకుని సీడీ తీసి సంచిలో పడేశాడు.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"కంప్యూటర్ని పెద్ద అంగడి అనుకో. ఏ సరుకు యాడుండాదో చీటీలు రాసి పెట్టుకుంటారు కదా. సరుకు అయిపోయినా కొన్ని పాత చీటీలు అట్లనే పడుంటాయి. ఆ చీటీల బరువెంత? అవి తీసేస్తే అంగడేమన్నా పెద్దదవుతాదా?"

"కాదు. కానీ తీసేస్తే నష్టమేముంది?"

"తీసేవాడికి ఆ అంగడి తెలీదు కదా మరదలా. వాడికి కనపడని సరుకు చీటీ అంతా చెత్తే. నూరుసార్లు చెత్తే అయ్యుంటాది. ఒకసారి గోడౌన్ తాళం యాడుండాదో రాసిన చీటీ అయ్యుంటాది."

లాభం లేదు, ఎప్పుడో ఒకసారి నష్టం ఉంది. ఇంత చిన్న లెక్క. దీన్ని ఆయన అంగడంగడికీ తిరిగి చెప్పాడు. ఎవరు విన్నారు? బట్టల కొట్టాయన మొహం మీదే అన్నాడు, "నువ్వొచ్చి పెన్సిల్ రబ్బరు పెట్టి రుద్ది పోతాండావు. ఆయప్ప సూడు, కూర్చున్నంతసేపట్లో అన్ని తప్పులు తీసి సూపించినాడు. నీకు రాకపోతే రాదని చెప్పప్పా, వద్దని యాల చెప్తావు" అని. బావ తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ "ఎరుపు చూపించినోడిని నమ్ముతారు, ఏమీ లేదన్నోడిని నమ్మరు" అని నాతో మాత్రం అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసార్లు అన్నాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు, తర్వాత నవ్వకుండా.

ఒక్కో ఏడాదీ పండగ ముందు మా అంగడికి వచ్చేవాళ్ళు తగ్గారు. మా అక్క నోరు కూడా తక్కువది కాదు. "ఊరంతా ఏస్తాండారు. నువ్వొక్కడివే హరిశ్చంద్రుడివా? ఆ సీడీ ఏదో ఏసి, ఆ పచ్చ తెరేదో సూపించి రారాదా" అని అన్నం పెడుతూ అనేది. ఆయన పళ్ళెంలో చూస్తూ తినేవాడు. అక్కను నేనేమీ అనను. ఇద్దరు బిడ్డలను పెట్టుకుని ఇల్లు నడిపింది ఆమె. కానీ ఆ మాటలు ఆయన మీద పనిచేశాయని నాకు తెలుసు.

కుప్పం పక్కన, రామకుప్పం దాటాక ఒక పల్లెలో పాల సెంటర్ ఉండేది. అడవి నుంచి ఏనుగులు దిగి రాగిచేలు తొక్కిపోతుంటే ఆ ఊరు ఆవుల మీదే బతకడం మొదలుపెట్టింది. అక్కడ పాలు తూచే కాటా, వెన్న శాతం చూసే మిషన్ రెండూ ఒక కంప్యూటర్‌కి కలిపి ఉండేవి. పాలు పోస్తే చీటీ వచ్చేది. ఆ చీటీలు లేకుండా డెయిరీ ట్యాంకర్ పాలు ఎక్కించుకోదు. ఆ కంప్యూటర్ పెట్టింది బావే. సెంటర్ నడిపే పెద్దాయనకు బావ అంటే ప్రాణం. చుట్టుపక్కల ఎవరెన్ని చెప్పినా "మా అప్ప చెప్తేనే" అనేవాడు. మా బావను "అప్పా" అని అంత నిండుగా పిలిచిన మనిషి ఇంకొకరు లేరు.

ఒక ఏడాది ఆయుధపూజకు పెద్దాయన కబురు పెట్టాడు. కంప్యూటర్లో చీటీలు తీసే అమ్మాయి కొత్తగా చేరిందని, ఆ పిల్లకు నేర్పడానికి బావ నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. సాయంత్రం పాలు పోయడం అయిపోయింది. బావ మూత విప్పి దుమ్ము ఊది, రబ్బరుతో రుద్ది, మళ్ళీ బిగించాడు. ఊళ్ళోవాళ్ళు పళ్ళెంలో నిమ్మకాయలు, పూలు పెట్టుకుని నిలబడ్డారు.

పెద్దాయన కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "అప్పా, కుప్పంలో అన్ని అంగళ్ళలో లోపల గూడా కడిగినారంట. తెర పచ్చగా అయితాదంట కదా. మా మిషన్‌కి యాల చెయ్యవు? ఇది గూడా పండగ చేసుకోవద్దా?"

 నేను బావ వైపు చూశాను. ఏమీ అక్కర్లేదని చెబుతాడనే అనుకున్నాను. ఆయన సంచిలోంచి సీడీ తీశాడు. పరీక్ష కోసం తెచ్చిన ఆ సీడీ సంచిలోనే ఉండిపోయింది. పెట్టాడు, నొక్కాడు. ఎర్ర అక్షరాలు కురిశాయి. ముసలమ్మలు "అయ్యో, అయ్యో" అన్నారు. రెండోసారి నొక్కాడు. తెర పచ్చబడింది. అందరి ముఖాలు వెలిగిపోయాయి. పెద్దాయన బావ భుజం మీద చెయ్యి వేశాడు. బావ నవ్వాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన అట్లా నవ్వగా నేను చూడలేదు. హారతి ఇచ్చి, మర్యాదగా కంప్యూటర్ ఆపేసి, పెద్దాయన ఇంట్లో భోంచేసి పడుకున్నాం.

తెల్లవారి విజయదశమి. ఇంకా మసక ఉండగానే జనం క్యాన్లతో, బిందెలతో వరసలో నిలబడ్డారు. చీటీల అమ్మాయి కంప్యూటర్ ఆన్ చేసింది. పాల ప్రోగ్రాము తెరుచుకోలేదు. ఈ కాపీ నమోదు కాలేదు, కంపెనీ ఇచ్చిన కోడ్ కొట్టమని అడిగింది. ముందే ఎప్పుడో కొట్టి ఉన్న కోడ్‌ను ఆ ప్రోగ్రాము ఎక్కడో ఒక మూల, ఎవరికీ అర్థం కాని పేరుతో దాచుకుంది. క్లీనర్ దాన్ని చెత్త అనుకుని తుడిచేసింది.

బావ సీడీ మళ్ళీ పెట్టాడు, తీసేసినవి తిరిగి పెట్టే బటన్ వెతికాడు. ఉంది. నొక్కితే, ఈ సౌకర్యం కావాలంటే ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి పూర్తి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలని వచ్చింది. తుడవడం ఊరికే, తిరిగి పెట్టడానికి మాత్రం డబ్బు. ఆ పల్లెలో ఇంటర్నెట్ కాదు కదా, ఫోన్ సిగ్నల్ కోసం కూడా గుట్ట ఎక్కాలి. గుట్టెక్కి బెంగళూరులో పాల ప్రోగ్రాము కంపెనీకి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది. దసరా సెలవు. వాళ్ళూ కంప్యూటర్లకు పూజ చేసి తాళాలు వేసుకుని పోయుంటారు.

ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ చెడ్డవాడు కాదు, కాసేపు ఆగాడు. "చీటీ లేకుంటే నా ఉద్యోగం పోతాదప్పా" అని వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కింది. కొందరు పాలు దూడలకు పట్టారు, కొందరు పెరుగు తోడేశారు. అయినా మిగిలిపోయాయి, విరిగిపోయాయి. ఒకావిడ బిందె తీసుకొచ్చి సెంటర్ ముందర మురుగు మోరీలో కుమ్మరించింది. ఎవరినీ తిట్టలేదు. కుమ్మరించి బిందె చంకన పెట్టుకుని పోయింది. తిట్టి ఉంటే బాగుండేది. బావ అరుగు మీద నిలబడి వచ్చిన ప్రతి మనిషికీ "తప్పు నాది. నొక్కింది నేను" అని చెప్పాడు. సాఫ్ట్‌వేర్ మీద ఒక్క మాట అనలేదు.

సెలవులయ్యాక కంపెనీ కొత్త కోడ్ ఇచ్చేదాకా అక్కడే ఉన్నాడు. మిషన్ బాగయ్యాక సంచి సర్దుకున్నాం. పెద్దాయన బస్సు దగ్గరికి వచ్చాడు. నేల చూస్తూ, "ఊళ్ళో శానా అంటాండారు. ఇంక నువ్వు రావద్దప్పా" అన్నాడు. అంతే. బావ తల ఊపి బస్సెక్కాడు.

బస్సు కుప్పం నుంచి పుంగనూరు వైపు పోతోంది. పలమనేరు దాటాక నేనే ఆపుకోలేక అడిగాను. "నీకు తెలుసు కదా బావా. యాల నొక్కినావు?"

కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "అందరికీ ఏమీ లేదు, ఏమీ అక్కర్లేదు అని చెప్పి చెప్పి ఇసుగొచ్చింది మరదలా. ఆయన అంత ఆశగా అడిగినాడు. ఒక్కసారన్నా నా చేత్తో ఆ పచ్చ తెర చూపించాలనిపించింది."

తెలిసీ నొక్కినందుకు ఆయన మీద నాకు ఈరోజుకీ కోపమే. చనిపోయాడని అది తగ్గలేదు. కానీ అంతకు మించిన కోపం ఇంకోటుంది. బస్టాండాయన అదే సీడీని మూడు ఊళ్ళలో ప్రతి అంగట్లో వేశాడు. వర్షంలో తడవని మనిషిలాగా ఏ నష్టమూ తగలకుండా తిరిగాడు. ఒకటి రెండు చోట్ల ప్రింటర్ పనిచెయ్యకపోతే వైరస్ అన్నాడు, నమ్మారు. మా బావ బతుకులో ఒక్కసారి వేశాడు, అది వెళ్ళి గోడౌన్ తాళం మీదే పడింది. ఇందులో నీతి ఏమన్నా ఉందా అని చాలా ఏళ్ళు వెతికాను. లేదు. ఆ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చా అని ఇప్పటికీ నన్ను మండీలో అడుగుతుంటారు. వేసినా లాభం లేదు, వెయ్యకపోతే నష్టం లేదు, మా ఇంటికి జరిగింది మీకు జరగకపోవచ్చు, కానీ వెయ్యొద్దు అని చెబుతాను. విన్నవాళ్ళు తక్కువే.

రామకుప్పం కథ బస్టాండాయన పుణ్యమా అని పుంగనూరంతా పాకింది. "ఆ క్లీనర్ మంచిదే, ఆయప్పకే వాడడం రాలా" అని చెప్పుకున్నారు. బావ రెండేళ్ళు లాగి అంగడి మూసేశాడు. ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్పే పనికి కుదిరాడు. అక్కడా మూత విప్పే ముందు బల్ల కాలు ముట్టుకునేవాడట. కానీ చెయ్యి మునుపటిలా లేదు. ఏ బటన్ నొక్కాలన్నా ఆగేవాడు. ఇంట్లో టీవీ రిమోట్ కూడా పిల్లలకే ఇచ్చేసేవాడు. ఆ తర్వాత పాల సెంటర్ పేరు ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. అక్క కూడా ఎప్పుడూ ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. కుప్పం వైపు పెళ్ళిళ్ళు వస్తే మాత్రం ఆమెను ఒక్కదాన్నే పంపేవాడు.

బావను సదుం దగ్గర వాళ్ళ చేలోనే మట్టి చేశాం. మూడో రోజు సమాధి మీద పాలు పోయడానికి ఇంటివాళ్ళం వెళ్ళాం. అక్క చెంబులో పాలు పట్టుకొచ్చింది. మేము గట్టు మీద ఉండగా రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ముసలాయన చేతిలో పాల క్యాను. దగ్గరికి వచ్చేదాకా నేను గుర్తు పట్టలేదు. పాల సెంటర్ పెద్దాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు ఒక ఫోన్ లేదు, ఒక కబురు లేదు. "ఇప్పుడు యాల వచ్చినారు? రావద్దని ఆయనకు చెప్పింది మీరే కదా" అన్నాను. ముసలాయన క్యాను రెండు చేతులా పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. 

అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "పొయ్యనీ. ఆయన పిలుపు కోసం మీ బావ శానా ఏండ్లు చూసినాడు" అంది. అది నాకు తెలియదు. ఆమెకు మాత్రం తెలుసు.

పెద్దాయన మట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అందరూ గుక్కెడు పాలు చల్లి లేస్తారు. ఆయన క్యాను వంచి మొత్తం పోశాడు. తొందర పడలేదు. కాటా మీద కొలతకు పోసేటప్పుడు పోస్తారే, నురగ లేవకుండా, సన్నటి ధారగా, అట్లా పోశాడు. ఎర్ర మట్టి తాగినంత తాగింది. మిగతావి గట్టు వారగా తెల్లగా పారుతున్నాయి. ఆయన ఇంకా పోస్తూనే ఉన్నాడు.